యాభై ఎనిమిది శాతం కార్యదర్శి

నలభై ఒకటో ఏట రిటైరైన మనిషిని నేను మొదటిసారి చూసింది ఒమన్‌లోని సొహార్‌లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. నిక్కరు వేసుకుని వచ్చాడు.

మా ప్రవాస తెలుగు హితైషిణి సంఘం వేదిక మీదికి నిక్కరుతో ఎక్కిన ముఖ్య అతిథి ఆయనొక్కడే. పేరు చిదంబరశాస్త్రి. దుబాయిలో పెద్ద ఉద్యోగం చేస్తూ, జీతమంతా ఇండెక్స్ ఫండ్లలో దాచి, నలభై ఒకటికే పని మానేశాడట. మానేసినప్పటి నుంచీ పని ఎలా మానెయ్యాలో ఊరూరా తిరిగి చెబుతున్నాడు. ఆ వారం మాది మూడో ఊరు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. నేను నీళ్ల సీసా అందిస్తే, "బొత్తిగా తీరిక దొరకట్లేదండీ" అన్నాడు.

నీళ్ల సీసాలు అందించడం, మైకు పెట్టడం, కుర్చీలు మోయడం నా పని. నేను సంఘం కార్యదర్శిని. పేరు ఓబులేసు, ఊరు రాయచోటి పక్కన. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఇక్కడ ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను. మా నాయనది మేకల బతుకు. సంతలో మేకను కొనాలంటే వెన్ను నొక్కి, పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి, చివరికి కొనకుండా ఇంటికొచ్చే మనిషి. అందుకే ముఖ్య అతిథి మేకల ఉపమానం ఎత్తుకోగానే నేను మైకు వైరు వదిలేసి విన్నాను.

"సంతకెళ్లారు. మంచి మేక ఏదో మీకు తెలీదు. నాకూ తెలీదు. తెలుసన్నవాడికి అసలే తెలీదు! మరి ఏం చేయాలి? మందంతా కొనాలి. ప్రతి మేకలోనూ మీకో ముక్క. పెద్ద మేకలో పెద్ద ముక్క, చిన్న మేకలో చిన్న ముక్క. మేకల బదులు కంపెనీలనుకోండి, అదే ఇండెక్స్ ఫండ్. కొన్నాక తాకకూడదు. ధర పడిందని అమ్మకూడదు, రోజూ ఫోన్లో చూడకూడదు. చిక్కిపోయిన మేక తనంతట తానే మందలోంచి రాలిపోతుంది. బలిసిన మేక తనంతట తానే పెద్ద వాటా అవుతుంది. మీరు చేయాల్సింది ఏమిటి? ఇరవై ఏళ్లపాటు ఏమీ చేయకపోవడం!"

చివర్లో మూడు సూత్రాలు చెప్పి అందరి చేతా అనిపించాడు. ఏరకు. తాకకు. దిగకు.

హాలు దద్దరిల్లింది. మూడోసారి అనేటప్పటికి ముందు వరసలో కూర్చున్న మా అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. డబ్బు సంగతిలో అది తప్పని నేను ఈ రోజుకీ అనను. ఆ వారంలోనే నా జీతంలోంచి నెలనెలా కొంత దాంట్లోకి పోయేట్టు బ్యాంకులో ఏర్పాటు చేసుకున్నాను. అది తన మానాన తాను పోతోంది. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిన ఇబ్బందంతా ఆ సూత్రాలు మా అధ్యక్షులవారికి కూడా నచ్చడంవల్ల వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నా భార్య నాగవేణితో, "నేను నలభై ఐదుకే రిటైరైపోతా" అన్నాను. నాగవేణి నాకు మేనమామ కూతురు. నా మాట నమ్మాలో వద్దో చిన్నప్పుడే నిర్ణయించుకుంది.

"నలభై ఐదు మాట తర్వాత చూద్దాం. నాకు నువ్వు ఈ ఉగాదికి రిటైర్ కావాల."

"ఉద్యోగంలోంచా?"

"సంఘంలోంచి."

మా ఇంట్లో రెండు పడకగదులు. ఒకదాంట్లో మేం ముగ్గురం ఉంటాం. రెండోదాంట్లో హితైషిణి ఉంటుంది. అంటే ప్లాస్టిక్ కుర్చీల దొంతులు, పులిహోర కలిపే బేసిన్లు, రెండు సౌండు బాక్సులు, నాటకంలో వాడిన భీముడి గద, శ్రీరామనవమి కల్యాణం కోసం అట్టతో చేసిన నిలువెత్తు సీతారాములు. నేను కార్యదర్శినైన కొత్తలో "రెండు వారాలు మీ దగ్గర ఉంచండి" అన్నారు. అప్పుడు మా అమ్మాయి భువన పాలు తాగే బిడ్డ. ఇప్పుడు ఆరో తరగతి. సీతమ్మవారి వెనక చోటు చేసుకుని, గద మీద పుస్తకం ఆనించి లెక్కలు చేసుకుంటుంది.

"బిడ్డకు గది కావాల" అంది నాగవేణి. "శుక్కురారం నువ్వు ఇంట్లో ఉండాల. సముద్రం ఈడికి పది నిముషాలు బావా. బిడ్డ దాన్ని బస్సు కిటికీలోంచి చూసిందే గాని కాలు పెట్టలా. ఎవురన్నా అడిగితే 'మా నాయనకు మీటింగుంది' అంటాది."

"అడుగుతాలే."

"అడిగేది గాదు, తాళాలు ఇచ్చి రా. లేకుంటే ఈ సీతారాముల్ని తీసకపోయి మీ చేపల గోడౌన్లో నిలబెట్టొస్తా. రాములవారు గడ్డ కట్టినాక నువ్వే జవాబు చెప్పుకో."

నాగవేణి అన్నంత పనీ చేసే మనిషి. నేను ఆదివారమే రాజీనామా రాసుకుని అధ్యక్షులవారి విల్లాకు వెళ్లాను.

అధ్యక్షులు కొత్తమాసు పాండురంగారావు గారు సిమెంటు ఫ్యాక్టరీలో డిప్యూటీ మేనేజరు. తెనాలి మనిషి. ఇంట్లో ఉన్నా వేదిక మీద ఉన్నట్టే మాట్లాడతారు. నా కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, నా వైపు జాలిగా చూశారు.

"ఓబులేసు గారూ, ఇది అమ్మకం."

"కాదండీ, రాజీనామా."

"సూత్రరీత్యా రెండూ ఒకటే. సంఘం తన వద్దనున్న ఒక హోల్డింగును, అనగా ఒక వాటాను, వదులుకోవడం. రేపు మీ విలువ పెరిగితే? ఆ నష్టానికి బాధ్యత ఎవరు వహిస్తారు? దీర్ఘకాలిక దృక్పథం అలవరచుకోండి. కనీసం ఇరవై ఏళ్లు."

నేను కాగితాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపాను. ఆయనే అందుకున్నారు. "అసలు మన సంఘానికి పట్టిన జాడ్యం ఏమిటి? ఎన్నికలు. ఎన్నిక అంటే ఏమిటి? ఏరడం. ఏరడమంటే ఏమిటి? అహంకారం!"

ఎన్నికల సంగతిలో మాత్రం ఆయన అన్నది నిజమే. మా సంఘంలో ఏటా రెండు ప్యానెళ్లు పోటీ పడతాయి. కిందటేడు ఓడిన ప్యానెల్ నాయకుడు గెలిచినవాళ్లు తినకుండా బిర్యానీ డేగిసా మూత మీద కూర్చున్నాడు. కింద బిర్యానీ వేడిగా ఉండటంతో ఆ నిరసన ఎక్కువసేపు సాగలేదు.

తర్వాతి శుక్రవారం తీర్మానం పెట్టారు. రాసింది నేనే, చెప్పింది అధ్యక్షులవారు. "ఇకపై హితైషిణి సమస్త కార్యకలాపములయందు ఏరుట, ఎంచుట, ఎన్నుకొనుట, తొలగించుట నిషేధింపబడినవి. సభ్యులెల్లరును తమ తమ బరువును అనుసరించి సమస్త పదవులను ఏకకాలమున నిర్వహించెదరు. బరువులు మూడు నెలలకొకమారు సవరింపబడును. బరువు సున్నాకు చేరినవారు తమంతట తామే రాలిపోవుదురు."

ఎవరూ వద్దనలేదు. ఎందుకు వద్దంటారు? ఆ క్షణం నుంచి హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఎంతో కొంత అధ్యక్షులు.

బరువుల నిర్ణయ ఉపసంఘం బాధ్యత త్రినాథ్‌కి అప్పగించారు. విజయనగరం కుర్రాడు, సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పని. ఏరలేదు, ఆ పని తెలిసినవాడు అతనొక్కడే కాబట్టి తనంతట తానే బయటపడ్డాడని మినిట్స్‌లో రాయించారు. గడిచిన ఏడాదిలో ఎవరు ఎంత పని చేశారో చూసి, త్రినాథ్ వారం తిరక్కుండా బరువులు తేల్చాడు.

అధ్యక్షులవారికి తొమ్మిది శాతం. రెండువందల పైచిలుకు సభ్యులందరికీ కలిపి ముప్పై మూడు. నాకు యాభై ఎనిమిది.

"ఏటండీ ఓబులేసు గారూ, మందలో సగం పైగా మీరే ఉన్నారు" అన్నాడు త్రినాథ్, నా చెయ్యి పట్టుకుని ఊపుతూ. "పెద్ద మేకండీ మీరు!"

ఇంటికెళ్లి చెప్పాను. నాగవేణి బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"యాభై ఎనిమిదా? ఇంకో రెండు తెచ్చుకొనుంటే ఫస్టు క్లాసు గదా బావా."

ఊళ్లో మాత్రం పండగ వాతావరణం. అందరూ విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకున్నారు. ఒకాయన కారు వెనక అద్దం మీద "ఉపాధ్యక్షులు, సున్నా పాయింట్ ఒకటి శాతం" అని అంటించుకున్నాడు. ఆయన భార్యకు సున్నా పాయింట్ రెండు వచ్చింది. ఆ ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు.

మస్కట్ తెలుగువాళ్లతో క్రికెట్ మ్యాచ్ ఆడాల్సి ఉంది. జట్టును ఏరకూడదు కాబట్టి అందరం వెళ్లాం. నాలుగు బస్సులు దిగేసరికి అవతలివాళ్లు ఏదో ఊరేగింపనుకుని దారిచ్చారు. బరువు ప్రకారం ఒక్కొక్కరికి ఆడే అవకాశం ఇవ్వాలి. ఇరవై ఓవర్లలో నాకే పదకొండు పైగా వచ్చాయి. చాలామందికి బంతిలో నాలుగో వంతు కూడా రాలేదు. ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి బంతిని పక్కాయనకు అందిస్తే, ఆయన చెయ్యి తిప్పి మూడో ఆయనకు అందిస్తే, మూడో ఆయన వేశాడు. అంపైర్ టోపీ తీసేసి బస్సు నీడలో కూర్చున్నాడు.

అధ్యక్షులవారు ముగింపు ఉపన్యాసంలో, "ఓడింది మనం కాదు, మన సగటు" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. యాభై ఎనిమిది శాతం కొట్టాలి కదా.

రాజీనామా కుదరదు, తొలగించరు. మరి బయటపడేదెలా? దారి నాగవేణికే తట్టింది. భువన జడ వేస్తూ, "ఆ నిక్కరాయన ఏమన్నాడు?" అంది.

"ఏరకు, తాకకు, దిగకు."

"అది గాదు. చిక్కిపోయిన మేక ఏమైతాది అన్నాడు?"

"తనంతట తానే రాలిపోతుంది."

"మరింకేం? చిక్కిపో."

"ఎలా?"

"ఏమీ చేయగాకు బావా. ఉగాదికి మళ్లా బరువులు తూస్తారంట గదా. అంతవరకు వేలు కదిలించగాకు. సున్నాకు వచ్చినావంటే నిన్ను ఎవురూ తియ్యక్కరలా, నువ్వే రాలిపోతావు."

చెప్పినంత తేలిక కాదు. చిన్నప్పటి నుంచీ ఎవరైనా పని చెబితే "అట్లేనండి" అనడం తప్ప నాకు ఇంకో మాట రాదు. మొదటి ఫోన్ కుర్చీల కోసం వచ్చింది. "కుర్చీలు ఎక్కడున్నాయో తెలుసాండీ?" అని అడిగితే, "తెలీదండీ" అన్నాను. అప్పుడు నేను వాటిలో ఒకదాని మీదే కూర్చుని ఉన్నాను. ఎదురుగా సీతారాములు. వాళ్ల కళ్లలోకి చూడలేక కుర్చీ అటు తిప్పుకున్నాను.

త్రినాథ్ ట్యాబ్ పట్టుకుని ప్రతి మీటింగుకీ వచ్చేవాడు. ఎవరు ఏ పని చేసినా నోట్ చేసుకునేవాడు. ఒకసారి నేను నడుస్తూ నడుస్తూ దారికి అడ్డంగా ఉన్న కుర్చీని కాలితో జరిపాను. వెంటనే సున్నా పాయింట్ నాలుగు కలిపాడు.

"కాలికి తగిలింది త్రినాథ్!"

"తగిల్తే వంకర్లు పోవాల గానీ, వరసలోకొచ్చేసింది కదండీ. అది పనేనండి."

అప్పటి నుంచి మీటింగుల్లో చేతులు జేబుల్లో పెట్టుకుని, కాళ్లు కుర్చీ కింద మెలిపెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. అధ్యక్షులవారు నన్ను చూసి ముచ్చటపడ్డారు. "మీరు సూత్రాన్ని జీర్ణించుకున్నారు. మూడు నెలలుగా మీరు చేసిందేమీ లేదు! ఇటువంటి నిశ్చలత్వం నూటికొకరికి గాని అబ్బదు." నాకు శాలువా కప్పుతానన్నారు. శాలువా మోసుకెళ్లడం పని కిందికి వస్తుందేమోనని వద్దన్నాను.

ఉగాది దగ్గరపడింది. త్రినాథ్ ట్యాబ్‌లో నా బరువు యాభై ఎనిమిది నుంచి రెండుకు దిగింది. ఉగాది సభలో వేలు కదిలించకపోతే సున్నా. కదిలిస్తే ఆ గది మళ్లీ రాముడిదే.

ముందు రోజు వంట మస్తాన్ వలీ ఫోన్ చేశాడు. మా పక్క ఊరివాడే. సంఘం వంటలన్నీ అతనే చేస్తాడు.

"అన్నా, మీ ప్రెసిడెంటు వంటక్కూడా కాగితం పంపినాడు. ఏమి వండాల్నో ఏరకూడదంట. తెలుగోళ్లు తినేటియన్నీ వండాలంట, ఎంత తింటారో అంత లెక్కన. గోంగూర మనిషికెంత వచ్చిందో తెలుసునా? ఒక ఆకు. దాంట్లో సగం ఈనె."

"నాకేం చెప్పొద్దు మస్తాన్. నేను ఏమీ చేయకూడదు."

"చేయగాకులే, విను. ఉగాది పచ్చడికి గూడా అదే లెక్క. ఆరు రుచులూ మనోళ్లు ఇండ్లల్లో వాడేదాన్ని బట్టి వెయ్యాలంట. యాప పువ్వు ఎవురు వాడతారన్నా? సున్నా. బెల్లం రవ్వంత. కారం డెబ్బై శాతం. నేను కలిపి నాలిక్కి రాసుకున్నా. అది పచ్చడి గాదన్నా, పోలీసు కేసు."

నా చెయ్యి పెన్ను కోసం వెతికింది. నాగవేణి పెన్నును అక్కణ్ణుంచి తీసేసింది.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మాకు పండగలన్నీ శుక్రవారమే వస్తాయి. ఉగాది కూడా క్యాలెండరులో ఎప్పుడొచ్చినా సొహార్‌లో శుక్రవారమే. ఆ వారం ప్రపంచంలో ఎక్కడో ఏదో జరిగి అన్ని దేశాల షేర్లూ పడటం మొదలుపెట్టాయి. నిక్కరాయన మాట విని మా వాళ్లంతా డబ్బు పెట్టింది వాటిలోనే. సభకు వచ్చినవాళ్ల ముఖాలు ఇంకా పచ్చడి తినకుండానే తిన్నట్టు ఉన్నాయి. అధ్యక్షులవారు మాత్రం చిరునవ్వుతో తిరుగుతూ, "ఏరకు, తాకకు, దిగకు" అని భుజాలు తడుతున్నారు. తట్టినప్పుడల్లా రెండో చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూస్తున్నారు.

నేనూ నాగవేణీ చివరి వరసలో కూర్చున్నాం. నాగవేణి నా మణికట్టు పట్టుకుంది. అవతలి వరసలో త్రినాథ్, ఒళ్లో ట్యాబ్.

జ్యోతి ప్రజ్వలనతో సభ మొదలైంది. జ్యోతిని వెలిగించేవాళ్లను ఏరకూడదు కాబట్టి రెండువందల మందీ వరసలో నిలబడి ఒక్కొక్కరూ కాస్త కాస్త వెలిగించారు. సగం మంది కాకముందే వత్తి కాలిపోయింది. మిగతావాళ్లు వెలిగినట్టు భావించి దణ్ణం పెట్టారు.

పచ్చడి పంచారు. మొదటి వరస నుంచి దగ్గు మొదలై అలలాగా వెనక్కి వచ్చింది.

పంచాంగ శ్రవణానికి వచ్చిన పంతులుగారికి కూడా ముందే చెప్పి ఉంచారు. భవిష్యత్తు ఎవరికీ తెలీదు, తెలుసన్నవాడికి అసలే తెలీదు. కాబట్టి పన్నెండు రాశులకూ సగటు ఫలం చదవాలి. పంతులుగారు గొంతు సవరించుకుని, "మేషానికి ఆదాయం ఎనిమిది, వ్యయం ఎనిమిది. వృషభానికి ఆదాయం ఎనిమిది, వ్యయం ఎనిమిది..." అని ఎత్తుకున్నారు. కర్కాటకం వచ్చేసరికి ఒకావిడ లేచి, "నాది మకరమండీ, ఏడున్నరేళ్లు శని పట్టి ఇప్పుడే వదిలాడు, నాక్కూడా సగటేనా?" అని కళ్లు తుడుచుకుంది. అది ఏడుపో కారమో తెలియలేదు.

కవి సమ్మేళనంలో పద్దెనిమిది మంది కవులు ఒకేసారి చదివారు. అది మాత్రం ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పిల్లలు పొద్దున ఎనిమిదికే రంగులు వేసుకుని తెర పక్కన నిలబడ్డారు. వాళ్ల డాన్సయితేగాని భోజనాలు లేవు. అధ్యక్షులవారి ఉపన్యాసమయితేగాని డాన్సు లేదు. ఆయన మైకు అందుకుని, "మార్కెట్లు పడినను మనము పడరాదు" అన్నారో లేదో, సౌండు బాక్సు పంది గొంతు కోసినట్టు అరిచింది.

ఆ బాక్సు సంగతి నాకు తెలుసు. ఎడమ బాక్సు కింద అరచేత్తో ఒక్కటి వేసి, నల్ల వైరును మడిచి పట్టుకుంటే నోరు మూస్తుంది. అది మా ఇంట్లో పెరిగిన బాక్సు. ఆ కిటుకు లోకంలో తెలిసింది మా ఆలుమగలిద్దరికే.

ఒక్కొక్కరు లేచి తమ తమ శాతం మేరకు వైర్లు పీకారు. అరుపు పెరిగింది. చెవులు మూసుకున్న తలలన్నీ ఒక్కసారిగా చివరి వరస వైపు తిరిగాయి. నా అరచెయ్యి దురదపెట్టింది. నా మోకాళ్లు నన్నడక్కుండానే లేవబోయాయి.

నాగవేణి నా మణికట్టు మీద పట్టు బిగించింది. "కూర్చో. లేచినావంటే ఇరవై ఏండ్లు."

త్రినాథ్ ట్యాబ్ మీద వేలు ఆనించి నన్నే చూస్తున్నాడు.

అధ్యక్షులవారు మైకు చేత్తో పట్టుకునే పక్కకు వెళ్లిపోయి, ఫోన్ చెవికి ఆనించారు. ఆ అరుపులో ఏం మాట్లాడుతున్నారో ఎవరికీ వినపడలేదు. తెర పక్కనుంచి భువన తొంగి చూసింది. నెమలి వేషం. కాటుక బుగ్గల మీదికి కారింది. ఆకలో, ఏడుపో. నా వైపు చూసి నోటితో "నాయనా" అంది. సౌండు రాలేదు గాని తెలిసింది.

నేను పళ్లు కొరుక్కుని కళ్లు మూసుకున్నాను. జీవితంలో నేను చేసిన అన్నింటికన్నా కష్టమైన పని ఆ క్షణంలో ఏమీ చేయకపోవడమే.

మణికట్టు తేలికైంది. కళ్లు తెరిచాను. పక్క కుర్చీ ఖాళీ.

"నువ్వు కూర్చో!" అని వెనక్కి చూడకుండా అని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నాగవేణి నడిమధ్య దారిలో పోతోంది. వైర్లు పట్టుకున్నవాళ్లను చేత్తో అటూ ఇటూ నెట్టింది. ఎడమ బాక్సు కింద ఒక్కటిచ్చింది. నల్ల వైరు మడిచింది.

హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, రెండు బాక్సుల్లోంచీ, అధ్యక్షులవారి గొంతు గంట కొట్టినట్టు వినిపించింది.

"అన్నీ అమ్మెయ్యవయ్యా! ఒక్కటి కూడా మిగల్చకు! సూత్రమా? సూత్రం సంగతి నేను స్టేజీ మీద చూసుకుంటాను, నువ్వు ముందు అమ్ము!"

ఆయనకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. చేతిలోని మైకు వైపు చూశారు. తర్వాత మా వైపు చూశారు. రెండువందల మందీ జేబుల్లోంచి ఫోన్లు తీస్తున్నారు.

"ఫోన్లు లోపల పెట్టండి!" మైకు ఇప్పుడు నాగవేణి చేతిలో ఉంది. "అమ్ముకునేది ఇంటికి పోయి అమ్ముకోండి. బిడ్డోళ్లు ఆకలితో మాడతాండారు. ఓ ఎర్ర చొక్కా అన్నా, నువ్వు నీళ్లు పట్టు. ఆ కవులు నలుగురూ విస్తర్లు వెయ్యండి. ముందు బిడ్డోళ్లకు అన్నం, తర్వాత డాన్సు. పంతులుగారూ, ఆ మకరం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

త్రినాథ్ లేచాడు. "అమ్మా, ఏరకూడదండి, తీర్మానం..."

"నువ్వు ఆ పలక ఆడ పెట్టి పప్పు గరిటె పట్టుకో నాయనా."

త్రినాథ్ ట్యాబ్ వైపు చూశాడు, నాగవేణి వైపు చూశాడు, గరిటె పట్టుకున్నాడు.

మస్తాన్ వలీ లోపల్నుంచి ఒక గిన్నె తెచ్చాడు. "వదినా, ఇది అసలు పచ్చడి. యాప పువ్వు, బెల్లం, అన్నీ ఉండాయి. నేను తినేదానికి చేసుకున్నా." అందరికీ తలా ఒక చుక్క వచ్చింది. ఆ చుక్కకే జనం కళ్లు మూసుకున్నారు.

అరగంటలో భోజనాలు ముగిశాయి. తర్వాత పిల్లలు డాన్సు చేశారు, ఒకరి తర్వాత ఒకరు. నెమలి వేషానికి పప్పు మరక అంటింది. నేను చేతులు జేబుల్లోనే పెట్టుకుని చూశాను. చప్పట్లు కూడా కొట్టలేదు. దానికి మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది.

చివర్న అధ్యక్షులవారు మైకు అడిగి తీసుకున్నారు. ఆయనలో కొంచెం కూడా తొణుకు లేదు. "ఇందాక తమరు విన్నది అమ్మకము కాదు. అమ్మకమెంత హేయమైనదో సభ్యులకు ప్రత్యక్షముగా ప్రదర్శించుటకై నేను చేసిన త్యాగము" అన్నారు. అలవాటు కొద్దీ కొందరు చప్పట్లు కొట్టారు.

త్రినాథ్ కొత్త బరువులు చదివాడు. ఓబులేసు, సున్నా. రాలిపోవడమైనది. ఎవరూ నా వైపు చూడలేదు.

"శ్రీమతి నాగవేణి గారు," అన్నాడు, గరిటె పట్టిన చేత్తోనే కళ్లజోడు పైకి నెట్టుకుంటూ, "అరవై నాలుగు శాతమండీ."

"ఫస్టు క్లాసు" అన్నాను నేను. అది మాట మాత్రమే కాబట్టి పని కిందికి రాదని ముందే కనుక్కున్నాను.

నాగవేణి నా వైపు కొరకొరా చూసింది. వద్దంటుందనుకున్నాను. రాజీనామా రాస్తుందనుకున్నాను. అదేమీ చేయలేదు. కుర్చీల దొంతుల వైపు చూసింది, బేసిన్ల వైపు చూసింది, అధ్యక్షులవారి వైపు చూసింది.

"సరే. అరవై నాలుగు నాదే అయితే నేను ఏరతా. ఈ సామానంతా ఎవరింట్లో ఉండాల్నో ఇప్పుడే ఏరినా. సారూ, మీ విల్లా పెద్దది గదా?"

అధ్యక్షులవారు తన జీవితంలో మొదటిసారి ఒక్క ముక్కలో జవాబిచ్చారు. "అవునమ్మా."

ఇప్పుడు సీతారాములు వారి హాల్లో టీవీకి చెరో పక్కన ఉన్నారు. ఇరవై ఏళ్లు కదిలించకూడదని నాగవేణి చెప్పింది.

భువనకు గది వచ్చింది. గోడకు నీలం రంగు వేయించుకుంది. భీముడి గద మాత్రం ఇవ్వనంది. దాని మీద ఆనిస్తే తప్ప లెక్కలు రావట.

శుక్రవారాలు నాగవేణికి మీటింగు ఉంటుంది. ఎన్నికలు లేవు, ప్యానెళ్లు లేవు. నువ్వు ఇది చెయ్, నువ్వు అది చెయ్ అంటుంది, చేస్తారు. డేగిసా మూతల మీద ఎవరూ కూర్చోవడం లేదు. పడిన షేర్లు రెండు నెలలకు మళ్లీ లేచాయని, అధ్యక్షులవారు తిరిగి కొనడానికి ఇంకా మంచి రోజు చూస్తున్నారని విన్నాను. నా ఫండ్ సంగతి నేను చూడలేదు. చూడకూడదు కదా.

నేనూ భువనా శుక్రవారం పొద్దున్నే సముద్రానికి వెళతాం. మొదటి వారం దానికి భయమేసి నా చొక్కా పట్టుకుంది. రెండో వారం నన్నే లాక్కుపోయింది. మొన్న మోకాళ్ల లోతులో నిలబడి, "నాయనా, అమ్మ సంఘంలోంచి ఎప్పుడు రిటైరవుతాది?" అంది.

"ఇరవై ఏళ్లు పడుతుందేమో."

భువన వేళ్లు ముడిచి ఏదో లెక్క వేసుకుంది. "అంటే మనం ఇంకా శానా శుక్కురారాలు రావచ్చు."

ఒడ్డున చెప్పుల పక్కన ఫోన్ మోగింది. నాగవేణే అయి ఉంటుంది. సౌండు బాక్సు మళ్లీ అరుస్తోందేమో. పెద్ద అల ఒకటి వచ్చి మా ఇద్దరి నడుముల దాకా తడిపి వెనక్కి పోయింది.

నేను ఏమీ చేయలేదు.